రాత్రి పన్నెండు ఏ రోజుది?

బుధవారం రాత్రి, పన్నెండు దాటి ఇరవై నిమిషాలు. ఆస్పత్రిలో పాప పుట్టింది. లోపల నర్సు రిజిస్టర్‌లో 10వ తేదీ, 00.20 అని రాసుకుంది. బయట బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మ ఊళ్లో వాళ్లకు ఫోన్ చేసి, "బుధవారం రాత్రి పన్నెండూ ఇరవైకి ఆడపిల్ల పుట్టింది" అని చెప్పింది. ఇద్దరిదీ నిజమే. పురుడు చేసే రోజు దగ్గరపడ్డాక ఇంట్లో ఎవరో నక్షత్రం చూద్దామని ఫోన్‌లో జాతకం యాప్ తెరుస్తారు. బుధవారం అంటే తొమ్మిదో తేదీ కదా అని 9 కొడతారు. టైమ్ దగ్గర 12.20 కొడతారు. పక్కన ఏఎం, పీఎం అని రెండు బటన్లు కనిపిస్తాయి. వేలు అక్కడ ఆగిపోతుంది.

రాత్రే కదా అని పీఎం నొక్కితే యాప్ బుధవారం మిట్టమధ్యాహ్నానికి జాతకం వేస్తుంది. పాప పుట్టడానికి పన్నెండు గంటల ముందన్నమాట. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది కాబట్టి ఆరు లగ్నాలు తేడా వచ్చి, అసలు లగ్నానికి ఎదురుగా ఉండే ఏడో రాశి లగ్నంగా కూర్చుంటుంది. పోనీ ఏఎం నొక్కితే? ఇంకా దూరం పోతుంది. తొమ్మిదో తేదీ 12.20 ఏఎం అంటే మనం మంగళవారం రాత్రి అనుకునే సమయం, పూర్తిగా ఇరవై నాలుగు గంటల ముందు. ఈ తప్పు పట్టుకోవడం మరీ కష్టం, ఎందుకంటే లగ్నం ఇంచుమించు అదే వస్తుంది. కానీ చంద్రుడు రోజుకు సగటున 13 డిగ్రీల పైన కదులుతాడు, ఒక నక్షత్రం నిడివి 13 డిగ్రీల 20 నిమిషాలు. కాబట్టి చాలావరకు అంతకుముందు నక్షత్రమే చూపిస్తుంది. ఆ నక్షత్రపాదం చూసే పేరులో మొదటి అక్షరం పెట్టే ఇళ్లున్నాయి. సరిగ్గా కొట్టాల్సింది 10వ తేదీ, 12.20 ఏఎం. ఇంట్లో మాత్రం ఎవరి నోటా పదో తేదీ అన్న మాటే రాలేదు. జాతకం మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, ఒకే పాపకు మూడు పుట్టిన సమయాలు ఎలా వచ్చాయో చూడటం అవసరం.

ఇందులో రెండు చిక్కులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, పన్నెండు పక్కన ఏ అక్షరాలు పెట్టాలన్నది. రెండోది, ఆ రాత్రి పన్నెండు ఏ తేదీకి చెందుతుందన్నది. జనం ఎక్కువగా మాట్లాడుకునేది మొదటిదాని గురించే. ఎక్కువ నష్టం చేసేది రెండోది.

మొదటిది చూద్దాం. ఏఎం, పీఎం అన్నవి లాటిన్ మాటల పొడి అక్షరాలు. ఆంటే మెరీడియెమ్ అంటే మధ్యాహ్నానికి ముందు, పోస్ట్ మెరీడియెమ్ అంటే మధ్యాహ్నం తర్వాత. ఇక్కడ మధ్యాహ్నం అంటే మనం భోజనం చేసి కాసేపు నడుం వాల్చే పొద్దంతా కాదు, సూర్యుడు నడినెత్తిన ఉండే ఒక్క క్షణం. తెలుగులో దాన్ని విడిగా చెప్పాలంటే మిట్టమధ్యాహ్నం అంటాం. ఆ క్షణం తనకు తాను ముందూ కాదు, వెనకా కాదు. కాబట్టి పగలు పన్నెండుకు ఏఎం అన్నా తప్పే, పీఎం అన్నా తప్పే. ఇక రాత్రి పన్నెండు సంగతి దీనికి తలకిందులు. అది ముందురోజు మధ్యాహ్నం తర్వాత పన్నెండు గంటలకు వస్తుంది, మర్నాటి మధ్యాహ్నానికి పన్నెండు గంటల ముందు వస్తుంది. రెండు పేర్లూ దానికి సరిపోతాయి. మాటల అర్థం పట్టుకుని ఎంత ఆలోచించినా జవాబు తేలదు. తెలివితక్కువ వల్ల తడబడుతున్నామని ఎవరూ అనుకోనక్కర్లేదు.

అయినా గడియారం ఏదో ఒకటి చూపించాలి కదా. పగలు 11.59 దాటగానే తెర మీద 12.00 పీఎం పడుతుంది. దీనికి కారణం చాలా మామూలుది. సరిగ్గా పన్నెండు అన్నది ఒక్క క్షణమే ఉంటుంది, మరుక్షణం నుంచి అది నిస్సందేహంగా మధ్యాహ్నం తర్వాతే. 12.00కు ఒక అక్షరం, 12.01కి ఇంకో అక్షరం చూపిస్తే జనానికి మతిపోతుంది. అందుకని పన్నెండు కొట్టగానే అక్షరం మార్చేశారు. రాత్రి పన్నెండుకూ అదే లెక్క, 12.01 ఎటూ ఏఎం కాబట్టి 12.00 కూడా ఏఎం.

మనిషి లెక్కపెట్టే తీరు మాత్రం ఇలా ఉండదు. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, అక్కడితో వరస అయిపోతుంది. మళ్లీ ఒకటి నుంచి కొత్త వరస. పొద్దున పది ఏఎం, పదకొండు ఏఎం అయితే పన్నెండు కూడా ఏఎమ్మే కావాలని, ఒంటిగంటకు పీఎం మొదలవ్వాలని మనసు పోతుంది. గడియారంలో వరస పన్నెండుతో మొదలై పదకొండుతో ముగుస్తుంది. 12, 1, 2, 3 అలా. నిజానికి అక్కడున్న పన్నెండు సున్నా చేయాల్సిన పని చేస్తోంది. పాత గడియారాల మీద రోమన్ అంకెలుండేవి, రోమన్ అంకెల్లో సున్నా లేదు. పైన ఉన్న పన్నెండే ముగింపుగానూ, ఆరంభంగానూ రెండు పాత్రలు వేయాల్సి వచ్చింది. ఆ స్థానంలో 0 ఉండి, 0.20 ఏఎం అని రాసే అలవాటు ఉంటే ఈ తికమకలో సగం పుట్టేదే కాదు.

ఆ అలవాటు చేసుకున్న దేశం ఒకటుంది. జపాన్ ప్రభుత్వం 1872లో పాత కాలమానం వదిలి కొత్త గడియారానికి మారుతూ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అందులో రాత్రి పన్నెండును పూర్వాహ్నం (ఏఎం) సున్నా గంటలు అన్నారు, అదే క్షణాన్ని అంతకుముందు రోజు వైపు నుంచి అపరాహ్నం (పీఎం) పన్నెండు అన్నారు. పగలు పన్నెండు పూర్వాహ్నం పన్నెండు. మన ఫోన్లు చూపించేదానికి ఇది పూర్తిగా ఎదురు. అమెరికాలో ఇంకా విచిత్రం జరిగింది. అక్కడి ప్రభుత్వ ముద్రణ శైలి పుస్తకం 2000 నాటి ప్రచురణలో పగలు పన్నెండును ఏఎం అని, రాత్రి పన్నెండును పీఎం అని రాయమంది. 2008 ప్రచురణలో అదే పుస్తకం రెండింటినీ తిరగేసింది. కొలతల ప్రమాణాలు చూసే అమెరికా సంస్థ నిస్ట్ అయితే పన్నెండుకు ఈ అక్షరాలు అసలు వాడొద్దు, రెండు అర్థాలు వస్తాయి అని చెబుతుంది. ఒక ప్రభుత్వ పుస్తకమే ఎనిమిదేళ్లలో మాట మార్చుకున్న చోట మామూలు మనిషి తడబడటంలో వింతేముంది?

పట్టుబట్టి లాటిన్ అర్థమే చూస్తామంటే మరో తమాషా ఉంది. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన. ఆ రేఖ కాకినాడకు చాలా దగ్గరగా పోతుంది, అందుకే అక్కడ సూర్యుడి మధ్యాహ్నం సగటున గడియారం పన్నెండుకు దాదాపు కలుస్తుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమరగా ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సగటున 12.16కు గానీ సూర్యుడు నడినెత్తికి రాడు. అదీ ఏడాది పొడుగునా ఒకలా ఉండదు, నవంబర్ మొదట్లో పన్నెండు ప్రాంతంలో, ఫిబ్రవరి మధ్యలో పన్నెండున్నర ప్రాంతంలో వస్తాడు. అంటే ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో 12.20 పీఎం అని ఫోన్ చూపిస్తున్నప్పుడు ఆకాశంలో ఇంకా మధ్యాహ్నానికి ముందే. పంచాంగాల్లో అభిజిత్ ముహూర్తం ఊరిని బట్టి, రుతువును బట్టి కాస్త అటూఇటూ జరగడానికి కారణం ఇదే, దాని నడిమి క్షణం అసలైన మిట్టమధ్యాహ్నం.

అక్షరాల గొడవ ఒక్కసారి గుర్తుపెట్టుకుంటే తీరిపోతుంది. పగలు పన్నెండు పీఎం, రాత్రి పన్నెండు ఏఎం. ఫోన్లన్నీ ఇప్పుడు అలాగే చూపిస్తున్నాయి. అయినా శంషాబాద్‌లో తెల్లవారుజాము ఫ్లైట్ ఎక్కాల్సినవాళ్లు రాత్రి పన్నెండున్నరకు లేవాలని అలారం పెట్టుకుని, పీఎం ఉందో ఏఎం ఉందో చూసుకోకుండా పడుకుంటే, అది మరుసటి రోజు అన్నం తినే వేళకు మోగుతుంది. ఆపరేషన్‌కు ముందు రోజు "12 ఏఎం తర్వాత ఏమీ తీసుకోవద్దు" అని కాగితం మీద రాసిస్తే పెద్దవాళ్లు దాన్ని పగలుగా చదువుకునే ప్రమాదం ఉంది. "రాత్రి పన్నెండు దాటాక పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు" అని నోటితో చెబితే పొరబాటుకు చోటే లేదు.

అసలు కష్టం తేదీతో. రైలు టికెట్ చూడండి. రైల్వే వాళ్లది 24 గంటల గడియారం, ఏఎం, పీఎం గొడవే లేదు. 15వ తేదీ 00.20 అని స్పష్టంగా అచ్చు వేసి ఉంటుంది. అయినా మనుషులు 15వ తేదీ రాత్రి భోంచేసి, సంచులు సర్దుకుని, పదకొండున్నరకల్లా స్టేషన్‌కు చేరుకుంటారు. ఆ రైలు ముందురోజు రాత్రే వెళ్లిపోయింది. టైమ్ సరిగ్గానే చదివారు, తేదీ కూడా సరిగ్గానే చదివారు. రెండింటినీ కలిపి చదవడంలో దెబ్బతిన్నారు. 15వ తేదీ అనగానే 15 ఉదయంతో మొదలయ్యే రోజు మనసులోకి వస్తుంది, ఆ రోజుకు ఉన్న రాత్రి చివర్లోనే వస్తుంది. ఆ తేదీకి మొదట్లో ఇంకో రాత్రి ముక్క అతుక్కుని ఉందన్న సంగతి తట్టదు. టికెట్ మీద ఇంకో మెలిక కూడా ఉంటుంది. రైలు మొదలైన ఊళ్లో 14వ తేదీ సాయంత్రం బయల్దేరి, మీ స్టేషన్‌కు 15న 00.20కి వస్తే, రైలు బయల్దేరే తేదీ ఒకటి, మీరు ఎక్కే తేదీ ఒకటి అని రెండు తేదీలు కనిపిస్తాయి. బుకింగ్ చేసేటప్పుడు చూసుకోవాల్సింది ఎక్కే స్టేషన్ తేదీ. టికెట్ చేతికి రాగానే దాని మీద పెన్నుతో "14 రాత్రి" అని పెద్దగా రాసుకునే పద్ధతి చాలా మంచిది, కుటుంబంతో వెళ్లేటప్పుడు అయితే తప్పనిసరి అనుకోవాలి.

ఇలా తడబడటాన్ని అజాగ్రత్త అని తీసిపారేయడం సరికాదు. దాని వెనక వేల ఏళ్ల లెక్క ఉంది. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయంతో ముగుస్తుంది. అరవై ఘడియలు, ఎనిమిది జాములు, అన్నీ ఆ పొద్దు నుంచి లెక్కే. వారం మారేది కూడా తెల్లవారితేనే. అమ్మమ్మ "బుధవారం రాత్రి" అన్నది ఆ లెక్కనే, అందులో తప్పు లేదు. శివరాత్రి నాడు లింగోద్భవ కాలం అర్ధరాత్రి వస్తుంది. ఆ సమయానికి ఫోన్‌లో తేదీ మారిపోయి ఉండొచ్చు, గుడిలో కూర్చున్నవాళ్లకు మాత్రం అది ఇంకా శివరాత్రే. జాగరణ మధ్యలో పండగ అయిపోయిందని ఎవరూ లేచిపోరు.

రాత్రిని మధ్యలో కోయకూడదన్న ఆలోచన మన ఒక్కరిదే కాదు. పాశ్చాత్య ఖగోళ శాస్త్రజ్ఞులు 1924 చివరి దాకా తమ రోజును మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి లెక్కపెట్టుకున్నారు, ఒకే రాత్రి చూసిన నక్షత్రాల వివరాలు రెండు తేదీల కింద చీలిపోకుండా ఉండాలని. 1925 జనవరి 1 నుంచి అర్ధరాత్రికి మారారు. జూలియన్ దినసంఖ్య అనే వాళ్ల లెక్క మాత్రం నేటికీ మధ్యాహ్నమే మారుతుంది. జపాన్‌లో రాత్రి ఒంటిగంటకు వచ్చే టీవీ కార్యక్రమాన్ని ముందురోజు ఖాతాలో 25 గంటలకు అని రాస్తారు. నిద్రపోయి లేచేదాకా రోజు మారదన్నది మనిషికి సహజంగా తోచే లెక్క.

అర్ధరాత్రి అన్న మాటను మన వార్తల్లో వాడేది కూడా ఈ లెక్కనే. పెద్ద నోట్ల రద్దును ప్రధాని 2016 నవంబర్ 8 రాత్రి ఎనిమిదింటికి ప్రకటించి, ఆ అర్ధరాత్రి నుంచి చెల్లవన్నారు. మరి నాలుగు గంటల్లో వచ్చే అర్ధరాత్రి అని అందరికీ అర్థమైంది. గెజిట్‌లో మాత్రం నవంబర్ 9 నుంచి అని ఉంటుంది. రెండూ ఒకటే. అదే "నవంబర్ 8, 12 ఏఎం" అని ఎవరైనా టైప్ చేస్తే ప్రకటనకు ఇరవై గంటల ముందే నోట్లు రద్దయినట్టు లెక్క. స్వాతంత్ర్యం ఆగస్టు 14 అర్ధరాత్రి వచ్చిందని చెప్పుకుంటాం, రాజ్యాంగ సభ ఆ రాత్రి పదకొండింటికి కొలువుతీరింది. కంప్యూటర్‌కు 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి అని ఇస్తే, అది బ్రిటిష్ పాలనలో ఇంకా ఒక పూర్తి రోజు మిగిలి ఉన్న క్షణాన్ని చూపిస్తుంది. ఆఫీసు పనుల్లో, ప్రభుత్వ ఫారాల్లో తెలుగు మాటను అలాగే తీసుకుని ఏఎంలోకి మార్చేసినప్పుడు జరిగే పొరపాటు ఇదే. ఒక పూర్తి రోజు జారిపోతుంది.

చట్టం ఈ గొడవను బాగా తెలివిగా తప్పించుకుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 5వ సెక్షన్ ప్రకారం, వేరే మాట చెప్పకపోతే, ఒక కేంద్ర చట్టం ఏ రోజు అమలుకు రావాలో ఆ రోజుకు ముందురోజు ముగిసిన వెంటనే అమల్లోకి వచ్చినట్టు. గంటలు లేవు, ఏఎం లేదు, అర్ధరాత్రి అన్న మాట కూడా లేదు. ముందురోజు ముగియగానే, అంతే. తెలంగాణ ఆవిర్భావానికి 2014 జూన్ 2ను నియమిత దినంగా ప్రకటిస్తే, జూన్ 1 ముగిసిన క్షణాన రాష్ట్రం ఏర్పడింది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

బీమా కాగితాల్లో ఇంకో పద్ధతి ఉంటుంది. బండి ఇన్సూరెన్స్ మీద ఫలానా తేదీ 00.00 గంటల నుంచి ఫలానా తేదీ అర్ధరాత్రి వరకు అని రాస్తారు. జాగ్రత్తగా చూస్తే ఇక్కడ రెండు చివర్లకు రెండు మాటలు వాడారు. 00.00 అంటే ఆ తేదీ మొదలయ్యే క్షణం, అర్ధరాత్రి అంటే ఆ తేదీ ముగిసే క్షణం. రెండు చోట్లా 12 ఏఎం అని రాసి ఉంటే చివరి రోజు కవరేజీ ఉందా లేదా అని కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. 24.00 అని రాస్తే ముగింపు అని స్పష్టంగా తెలుస్తుంది, అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 దాన్ని మొదట ఒప్పుకుంది, 2019లో తీసేసింది, 2022 సవరణతో మళ్లీ పెట్టింది. నిపుణులకే దాన్ని వదులుకోవడం కుదరలేదు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు ఇంకో దారి బాగా అలవాటు. అసైన్‌మెంట్ గడువు అక్కడ తరచూ 11.59 పీఎం అని ఉంటుంది. ఆ ఒక్క నిమిషం వెనక్కి జరిపితే తేదీ గురించి గానీ, అక్షరాల గురించి గానీ అడిగేవాళ్లుండరు.

వీటన్నిటికంటే చక్కటి దారి తెలుగు శుభలేఖల్లో ఎప్పటి నుంచో ఉంది. ముహూర్తం రాత్రి పన్నెండు దాటాక పడితే, "గురువారం రాత్రి 12.47 గం.లకు (తెల్లవారితే శుక్రవారం)" అని వేస్తారు. ఇందులో రాత్రి అన్న మాటతో పగలా రాత్రా అన్న ప్రశ్న పోయింది. గురువారం అనడంతో పంచాంగం లెక్క నిలబడింది, పెళ్లికి వచ్చేవాళ్లు ఏ సాయంత్రం బయల్దేరాలో తెలిసింది. తెల్లవారితే శుక్రవారం అనడంతో ఏ రెండు రోజుల మధ్య రాత్రో తేలిపోయింది. తాళి కట్టి పెళ్లి ముగిశాక చుట్టాలు శుభలేఖ పట్టుకుని దిగే పరిస్థితి రాకుండా కాపాడేది బ్రాకెట్లోని ఆ రెండు మాటలే. పంచాంగాల్లో ఇంకా పొదుపుగా ఉ., మ., సా., రా., తె. అని వేస్తారు. రా. 12.47 అని ఉంటే దాన్ని పగలుగా చదవడం ఎవరి తరమూ కాదు.

ఇంత మంచి వాడుక ఉండగా మన ఫోన్లు, తెలుగు వెబ్‌సైట్లు, దరఖాస్తు ఫారాలు ఇంకా ఏఎం, పీఎం పట్టుకుని వేలాడటం బాధ కలిగిస్తుంది. చాలా ఫోన్లలో భాష తెలుగు పెట్టుకున్నా గడియారం దగ్గర ఆ రెండు అక్షరాలే వస్తాయి. మాటలు లేక కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వాడుకునే యూనికోడ్ భాషా సమాచారంలో తెలుగుకు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అన్నవి ఎప్పుడో చేర్చి ఉన్నాయి. టైమ్ ఎలా చూపించాలో చెప్పే నమూనాలో ఇంగ్లిష్ చిన్న అక్షరం ఏ రాస్తే ఏఎం, పీఎం వస్తాయి. దాని బదులు పెద్ద అక్షరం బీ రాస్తే 12.20 పక్కన "రాత్రి" అని వస్తుంది. ఒక్క అక్షరం మార్పు. ఆస్పత్రి యాప్‌లు, టికెట్ల యాప్‌లు, జాతకం యాప్‌లు తెలుగులో తయారుచేసేవాళ్లు ముందు చేయాల్సిన పని అది. తెల్లవారితే అన్న మాటకు మాత్రం ఆ నమూనాలో అక్షరమేదీ లేదు. దాన్ని విడిగా, పక్కన బ్రాకెట్లో, మనమే రాయాలి.